చలికాలమున పాముల విశ్రాంతి, వసంతమున సంతతి

పుష్యమాసపు అమావాస్యనాడు ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలమునందలి కేస్లాపూరులో నాగోబా జాతర ప్రారంభమగును. గోండులలో మెస్రం వంశమువారు జన్నారము ప్రాంతమున గోదావరిలోని హస్తినమడుగునకు కాలినడకన పోయి, పవిత్రజలమును తెచ్చి, ఆ నీటితో సర్పదేవతను అభిషేకింతురు. కొత్తగా వంశములోనికి వచ్చిన కోడళ్ళను దేవునికి పరిచయము చేయు వేడుకయు అప్పుడే జరుగును. ఆ రాత్రులలో చలికి ఓర్వలేక జనులు నెగళ్ళు వేసికొని వాటి చుట్టును చేరుదురు. ఇంతమంది ఇంత దూరము నడచి వచ్చి నాగుపామును కొలుచు ఆ వేళ, అసలు నాగుపాము ఎక్కడ ఉండును? ఏ పుట్ట అడుగుననో, ఏ ఎలుక కన్నములోనో చుట్టలు చుట్టుకొని, తిండి లేక, దాదాపు కదలిక లేక పడియుండును. ఆ పడియుండుట ఎందుకు, అందుకు అది ఎట్లు సిద్ధమగును, అందుండి లేచి వచ్చిన పిదప ఏమి చేయును అన్నదే ఇచ్చట మన ప్రస్తావన.

తెలంగాణమున చలి మొట్టమొదట తగులునది ఆదిలాబాదు ప్రాంతమునకే. గిన్నెధరి, సిర్పూరు వంటి చోట్ల కొన్ని శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలకు దిగుచుండుట మనము ఏటేటా వార్తలలో వినునదే. అదే నేలలో మే మాసమున 45 డిగ్రీల ఎండ కాయును. కరీంనగరము వైపు చలి కొంత తక్కువ. రామగుండము ఎండ మాత్రము ఎవరికిని తీసిపోదు. 2016లో ఈ రెండు పాత జిల్లాలు ఎనిమిది జిల్లాలుగా చీలినవి కాని, పాముల లెక్కలో ఇది అంతయు ఒకే సీమ: గోదావరి, ప్రాణహిత, మానేరు నదుల నడుమ టేకు అడవులు, నల్లరేగడి పత్తి చేలు, కాలువల క్రింద వరి మళ్ళు.

మన దేహములో నిప్పు ఎల్లప్పుడును వెలుగుచుండును. చలివేసినను, ఎండ కాసినను లోపలి వేడి దాదాపు ఒక్కటే. అందుకు మనము చెల్లించు మూల్యము రోజుకు రెండు, మూడు పూటల భోజనము. పామునకు అట్టి పొయ్యి లేదు. అది తన వేడిని నేలనుండి, బండనుండి, సూర్యునినుండి అరువు తెచ్చుకొనును. అరువు దొరకిన నాడు చురుకుగా తిరుగును. దొరకని నాడు గుండె నెమ్మదించును, ఊపిరి మందగించును, కండరములు బిగిసికొనును. ముఖ్యముగా జీర్ణశక్తి ఆగిపోవును. ఎలుకను మ్రింగిన పాము ఆ వెంటనే చలిలో చిక్కుకొన్నచో, ఎలుక కడుపులో అరుగుటకు ముందే కుళ్ళును. అట్టి పాము దానిని కక్కివేయును, కక్కలేకపోయిన చచ్చును. కనుకనే చలి ముదురుటకు ముందు పాములు తిండి మానివేయును. ఇది వ్రతము కాదు, ప్రాణరక్షణ.

ఈ విషయమును అందరికంటె బాగుగా ఎరిగినవారు చలిదేశములలో పాములను పెంచువారు. అమెరికాలోను, ఐరోపాలోను ఇండ్లలో మొక్కజొన్నపాము మొదలగు విషములేని పాములను గాజుపెట్టెలలో ఉంచి, వాటిచేత పిల్లలు పెట్టించు అభిరుచి కలదు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు పొరుగింటిలో చూచి వచ్చి ముచ్చటగా చెప్పగా, తలిదండ్రులు గుండెలు పట్టుకొనుటయు కలదు. వారి పద్ధతి చిత్రముగా ఉండును కాని, అందులోని ప్రతి మెట్టునకు ఒక కారణమున్నది.

శరత్కాలము చివర వారు పామును తూచి చూతురు. బక్కచిక్కినదానిని, జబ్బుగా ఉన్నదానిని, ఏడాది నిండని పిల్లను చలిలో పెట్టరు. ఏలయన రెండు మూడు నెలల ఉపవాసమునకు వలసిన కొవ్వు వాటి ఒంటిలో ఉండదు. పుష్టిగా ఉన్నదానికి రెండు మూడు వారముల ముందు ఆహారము ఆపుదురు. వేడి మాత్రము తీయరు. కడుపులోని కడపటి మెతుకు కూడ అరిగి వెలుపలికి పోవుటకు ఆ వేడి కావలయును. పిమ్మట కొన్ని దినముల పాటు రోజునకు కొంచెము కొంచెముగా వేడి తగ్గించి, 10 మొదలు 15 డిగ్రీల వరకు చల్లబరచి, చీకటిలో ఉంచెదరు. త్రాగుటకు నీరు మాత్రము ఎప్పుడును ఉండవలెను. నిద్రించు పాము ఆకలికి చావదు కాని దప్పికకు చచ్చును. రెండు మూడు నెలలు గడచిన పిదప, దించినట్లే మెల్లగా వేడి పెంచి, చిన్న చిన్న ఎరలతో తిండి మొదలుపెట్టుదురు. పాము కుబుసము విడుచును. ఆడుది కుబుసము విడిచిన వెంటనే దాని చర్మమునుండి వెలువడు వాసన మగదానికి పిలుపు. అప్పుడు రెంటిని ఒకచోట చేర్తురు.

చలిలో పెట్టకున్న ఏమగును? పాము బ్రతుకును, తినును, పెరుగును. కాని అట్టి జాతులలో చాలవరకు సంతానము సరిగా కలుగదు. చలి తరువాత వచ్చు వేడియే వాటి దేహమునకు ‘ఋతువు మారినది’ అను వార్త. ఆ వార్త అందినప్పుడే మగదాని కోరిక మేల్కొనును, ఆడుది తన కొవ్వును గ్రుడ్లలోనికి మార్చనారంభించును.

అయితే ఇక్కడ ఒక ప్రమాదమున్నది. ఈ నియమము చలిదేశపు పాములకే. ఆఫ్రికా ఉష్ణమండలమునందలి బంతి కొండచిలువను ఎవరో పుస్తకములో చదివి 10 డిగ్రీలలో పెట్టిన, అది నిద్రపోదు. ఊపిరితిత్తులలో చీము పట్టి, నోరు తెరచి రొప్పుచు చచ్చును. రాత్రి వేడి కొంచెము తగ్గిన చాలు, దాని దేహమునకు ఋతువు తెలియును. పామును పెంచుట యనగా ముందు దాని జన్మభూమి పంచాంగమును తెలిసికొనుట.

ప్రకృతిలో ఈ నాటకము అత్యంత వైభవముగా జరుగునది కెనడా దేశమున మానిటోబా రాష్ట్రములోని నార్సిస్ అను చోట. అక్కడ బయట సున్నకు 30 డిగ్రీలు దిగువ చలి ఉండగా, సున్నపురాతి బిలములలో పదుల వేల గార్టర్ పాములు ఒకదానిపై నొకటి పడి శీతకాలము గడపును. ఏప్రిల్ చివర మంచు కరగగానే మగపాములు ముందు వెలికి వచ్చి కాచుకొనియుండును. ఆడుది తల చూపినంతనే డజన్లకొలది మగవి దానిని చుట్టుకొని ఒక పెద్ద ఉండవలె దొర్లును. చూచుటకై ప్రతి సంవత్సరము యాత్రికులు పోవుచుందురు.

మన పాములు అట్లు నెలల తరబడి గడ్డకట్టినట్లు నిద్రింపవు. ఆదిలాబాదు చలి రాత్రి 6 డిగ్రీలకు దిగినను, మధ్యాహ్నమునకు మరల 25 దాటును. కావున ఇక్కడి పాముది కుంభకర్ణుని నిద్ర కాదు, ముసలివాని కునుకు. తెల్లవారుజామున బిగిసికొనిపోయి, పది గంటలకు పుట్టనోటికి వచ్చి ఎండ కాచుకొని, సాయంకాలము కాకముందే లోపలికి దూరును. కొన్ని దినములు అసలు బయటికే రాదు. వేటాడదు, లేదా బహు అరుదుగా వేటాడును.

ఇందుకు అది చేయు సన్నాహము వానాకాలమునందే మొదలగును. వానలకు కప్పలు, వరి గింజపట్టు వేళకు ఎలుకలు పెరుగును. శ్రీరాంసాగరు కాకతీయ కాలువ, దిగువ మానేరు జలాశయము వచ్చిన పిదప కరీంనగరము ప్రాంతమున వానాకాలము, యాసంగి అను రెండు పంటలును వరియే అయినచోట్లు హెచ్చినవి. వరితో ఎలుకయు, ఎలుకతో జెర్రిపోతు, నాగుపాము వచ్చుట సహజము. ఆశ్వయుజ, కార్తీకములలో కోతలు సాగుచుండగా పాము బాగుగా తిని, పొట్ట క్రింది కొవ్వును పెంచుకొనును. కోత యంత్రములు మడిని ఖాళీ చేయగా, ఎలుకలు గట్లలోనికి, పాములు వాటి వెంట గట్లలోనికి చేరును.

పాము పుట్ట అందుము కాని, పాము పుట్టను కట్టదు. దానికి కాళ్ళు లేవు, గోళ్ళు లేవు. పుట్టను కట్టునది చెద. చెదపురుగులు ఉమ్మితో మట్టిని కలిపి కట్టిన ఆ కట్టడము పైకి మనకు కనబడునంతే కాక, భూమిలోనికి గూడ చాల దూరము దిగియుండును. గాలి పోవుటకు దారులుండును, తేమ ఉండును. నేల వేడిని గూర్చి ఒక చిన్న లెక్క: మూరెడు లోతునకు పోయిన, పగలు రాత్రుల తేడా దాదాపు మాసిపోవును, నిలువెత్తు లోతున ఎండకాలపు వేడి మెల్లమెల్లగా దిగి, చలికాలము వచ్చు నాటికి ఇంకను కొంత మిగిలియుండును. పైన 6 డిగ్రీల చలిలో మనము వణకుచుండగా, లోపలి పాము వెచ్చని గదిలో ఉన్నట్లే. పెంపకందారు ఉష్ణమాపకమును పట్టుకొని చేయు పనినంతయు ఇక్కడ మట్టియే చేసిపెట్టును. తేమయు మట్టియే ఇచ్చును గనుక దప్పిక బాధ లేదు.

శ్రావణ శుద్ధ పంచమినాడు పాము వానలలో ఊరంతయు తిరుగుచుండును; కార్తీక శుద్ధ చవితినాడు పుట్ట చేరు సన్నాహములో ఉండును; పుష్య అమావాస్యనాడు లోపల ఉండును. పండుగలను నిర్ణయించినవారు ఈ లెక్కతోనే నిర్ణయించిరని మేము చెప్పజాలము గాని, ఈ మూడింటిని గుర్తుంచుకొన్న పాము సంవత్సరము కంఠస్థమైనట్లే. పుట్టలో పోసిన పాలను మాత్రము అది త్రాగదు. పాలు అరిగించుకొను శక్తి పామునకు లేదు. పాములవాడు చూపు పాము త్రాగిన, దానిని వారముల తరబడి నీరు లేకుండ ఎండగట్టియుండుటయే కారణము. దప్పికతో ఏది దొరకిన అది త్రాగును. త్రాగి, తరువాత చచ్చును. కోరలు ఊడబీకబడిన ఆ పాములు పుండ్లు పడిన నోటితో చలికాలము వరకు బ్రతుకుట అరుదు.

కొండచిలువ సంగతి వేరుగా చెప్పవలసియున్నది. మిగిలిన పాములలో చాలవరకు చలి పోయిన పిదప జతకట్టగా, ఇది చలిలోనే, అనగా డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు జతకట్టును. ముండ్లపంది తవ్వి విడిచిన బొరియలలో చేరి, మధ్యాహ్నమున బయట ఎండ కాచుకొనును. రాజస్థానమునందలి భరతపురము పక్షుల ఉద్యానవనములో దీనిని బహుకాలముగా గమనించుచున్నారు. వేసవిలో ఆడుది కొన్ని పదుల గ్రుడ్లు పెట్టి, వాని చుట్టును చుట్టుకొని, రెండు నెలల పాటు తిండి మాని కూర్చుండును. చల్లబడినప్పుడెల్ల కండరములను పదే పదే అదరించి, మనము చలికి వణకినట్లు వణకి, వేడి పుట్టించి గ్రుడ్లను కాచును. పాము వేడి పుట్టించుట అసంభవమని తొలుత పండితులు కొట్టిపారవైచిరి. 1841లో పారిస్ నగరమున వాలెన్‌సియెన్ అను శాస్త్రజ్ఞుడు ఉష్ణమాపకమును చుట్టల నడుమ పెట్టి చూచి నిజమని తేల్చెను. పొయ్యి లేదని మేము పైన చెప్పిన మాటకు ఇది ఒక గొప్ప మినహాయింపు. బిడ్డలకొరకు మాత్రమే అంటించు పొయ్యి.

మాఘము వెళ్ళి ఫాల్గుణము వచ్చుసరికి పాములు చురుకెక్కును. కుబుసములు కంపలమీద వ్రేలాడుట మొదలగును. ఈ రోజులలో పొలముగట్లమీద రెండు పాములు పెనవేసికొని నిలువున లేచి ఆడుట చాలమంది చూచియే యుందురు. నాగుపాము, జెర్రిపోతు జతకట్టుచున్నవని, జెర్రిపోతు నాగుపామునకు మగడని మన ఊళ్ళలో గట్టి నమ్మకము. కొందరు వానిమీద కొత్తబట్ట పరచి దాచుకొందురు. నిజమునకు ఆ రెండును జెర్రిపోతులే, రెండును మగవియే. అది సరసము కాదు, కుస్తీ. ఎవడు ఎవని తలను నేలకు వంచునో వానిదే ఆ ప్రదేశము. ఓడినది కాటు లేకుండ, గాయము లేకుండ తప్పుకొని పోవును. ఆడుది సాధారణముగా ఆ దాపుననే ఏ పొదలోనో ఉండును. నాగుపాముదొక జాతి, జెర్రిపోతుదొక జాతి. జెర్రిపోతులో ఆడువి, నాగుపాములో మగవి ఉండనే ఉన్నవి.

నాగుపాము ఏప్రిల్ మొదలు జూలై వరకు 12 నుండి 30 దాక గ్రుడ్లు పెట్టి, ఆడుది వాని దగ్గర కావలి యుండును. సుమారు రెండు నెలలకు పిల్లలగును. కట్లపాము గ్రుడ్లు తక్కువ. రక్తపింజర గ్రుడ్లు పెట్టదు. ఆరు నెలలకు పైగా గర్భమున మోసి, వేసవి చివరనుండి వానలలో 20, 40 పిల్లలను ఒక్క కాన్పున కనును. దీనికి మన భాషలో కాటుకరేకులపొడ యను ముచ్చటైన పేరు కలదు. విశాఖపట్టణమున ఉండి మన పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు, 1796లో అచ్చయిన తన గ్రంథములో అట్టి తెలుగు పేర్లనే ఎక్కించెను. కట్లపాము జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన బంగారస్ అను లాటిను పేరు మన ‘బంగారు’ మాటయే.

పిల్లలు పుట్టుట వానలతో సరిపోవుట యాదృచ్ఛికము కాదు. అప్పుడే పుట్టిన కప్పపిల్లలు, బల్లిపిల్లలు వానికి మొదటి ఆహారము.  ఇక్కడ మరొక మాట: పిల్లపాములో విషముండదని అనుకొనుట పొరపాటు. గ్రుడ్డునుండి తల బయటపెట్టిన నాడే నాగుపాము పిల్లకు విషము, కోర రెండును ఉన్నవి.

ఇంత చెప్పితిమి గనుక, ఇక పెంపకము మాట. మన దేశమున పాములను పట్టుట, ఇంట ఉంచుట, అమ్ముట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. విదేశపు జాతులను ఉంచుకొన్నవారు, అవి అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలో చేరినవైనచో, ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెనని 2024లో నియమములు వచ్చినవి. అయినను మన జిల్లాలలో రెండుతలల పాము వ్యాపారము మాటిమాటికి బయటపడుచున్నది. మొద్దుతోక గల ఆ ఇసుకపామునకు తల ఒక్కటే. ఇంట ఉంచిన ధనము కలసివచ్చునని చెప్పి, మాయగాండ్రు లక్షలు గుంజుచున్నారు. చలికాలమున మూటలలో, డబ్బాలలో త్రిప్పబడిన ఆ పాములు ఎండ దొరకక నీరసించి చచ్చును. కొన్నవానికి చేరునది నేరము మాత్రమే.

చట్టమునకు లోబడి పాములను కుండలలో ఉంచు చోటు ఒకటి కలదు. మద్రాసు నగరమునకు దక్షిణముగా, 1978లో ఇరుల తెగవారు సహకార సంఘముగా ఏర్పడి, అనుమతితో పాములను పట్టి, కొన్ని వారములు మట్టికుండలలో ఉంచి, విషము తీసి, మరల అడవిలో విడిచిపెట్టుదురు. మన ఆసుపత్రులలో పాముకాటునకు ఎక్కించు మందునకు మూలము చాలవరకు ఆ విషమే. ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటికిని పనిచేయును.

ఆ మందు అవసరము మన సీమకు ఎంతటిదో అంకెలు చెప్పును. 2000 మొదలు 2019 వరకు దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి 58 వేలమంది మరణించినట్లు పరిశోధకులు అంచనా కట్టిరి. అందు ఎక్కువ భారము మోసిన రాష్ట్రములలో తెలంగాణముతో కూడిన ఆంధ్రప్రదేశము ఒకటి. సగము మరణములు జూన్, సెప్టెంబరు మాసముల నడుమ జరిగినవి. చలికాలమున కాట్లు తగ్గును గాని పోవు. పత్తి ఏరు చేతులు చెట్టు మొదట తడుముచుండును. పిడకల గూడు, కట్టెలమోపు, గడ్డివాము, ఎండిన పత్తికట్టెల కుప్ప ఇవన్నియు పామునకు రెండవ పుట్టలు. ఉదయపు చలిలో ఇట్టి కుప్పలో చేయి పెట్టువారు ముందు కఱ్ఱతో కదలించుట మంచిది. కట్టెవలె బిగిసి కదలక పడియున్న పామును చచ్చినదనుకొని చేత పట్టరాదు. ఎండ తగిలిన అరగంటకు అది లేచి కాటు వేయగలదు.

కాటుపడినచో గాయమును కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగింపరాదు, మంత్రగానికై వేచియుండరాదు. కాటుపడిన అవయవమును కదలనీయక, విరిగిన చేతికి కట్టినట్లు బద్దకట్టి, రోగిని నడిపింపక, 108 బండిలోనో ఏ బండిలోనో ఆసుపత్రికి చేర్చవలెను. కట్లపాము కాటు చాలసార్లు నొప్పి పెట్టదు. రాత్రి నేలపై పండుకొన్నవాడు కడుపునొప్పియని లేచి, రెప్పలు వాలిపోవుచున్నవని చెప్పిన, గాయము కనబడకున్నను ఆసుపత్రికి పోవలసినదే.

ఇంటిలో పాము కనబడిన, చంపక, అటవీశాఖకు గాని పాములు పట్టుటలో శిక్షణ పొందినవారికి గాని చెప్పవలెను. పట్టినవారికిని ఒక మాట: చలికాలపు సాయంకాలమున పట్టిన పామును ఆ చీకటిలోనే ఎక్కడనో దూరపు అడవిలో విడువరాదు. దానికి అక్కడ ఏ బొరియ తెలియదు. తెల్లవారులోపల అది బిగిసి నక్కల పాలగును. మరునాడు ఎండ బాగుగా కాసిన పిదప, పట్టినచోటికి సాధ్యమైనంత దగ్గరగా, పుట్టలో కన్నములో ఉన్నచోట విడుచుట మేలు.

వేసవి దుక్కులలో గట్టు తెగగొట్టునప్పుడు తెల్లని, తోలువంటి పెంకుగల గ్రుడ్లు బయటపడుట కలదు. కోడిగ్రుడ్డును పెట్ట త్రిప్పుచుండును గాని, పాముగ్రుడ్డును త్రిప్పినచో లోపలి పిండమునకు ముప్పు. అది పెంకు పైభాగమునకు అంటుకొని పెరుగుచుండును. కావున ఆ గ్రుడ్లను చేతులతో ఎత్తి చూడక, తల్లి దాపున ఉండవచ్చునని ఎరిగి వెనుకకు తగ్గి, అటవీశాఖవారు వచ్చువరకు తడిమట్టిని పారతో పైన కప్పియుంచిన చాలును. వారు పైవైపున పెన్సిలుతో గుర్తుపెట్టి, అదే వైపు పైకి ఉండునట్లు తీసికొనిపోవుదురు.